ఎడమ అంచున ఎవరిదో మోచేయి

కళ్లజోళ్ల దుకాణం వెనక ఇల్లు
మార్చి 14

ఒరే తమ్ముడూ,

ఇది నిలబడి చదవకు, కూర్చో. మీ బావ కనిపించడం లేదు. ఈ నెల రెండో తారీకు పొద్దున ఏడింటికి చెప్పులు వేసుకుని వీధిలోకి వెళ్ళిన మనిషి పన్నెండు రోజులైనా ఇల్లు చేరలేదు. ఇవాళ వస్తాడు, రేపు వస్తాడు అనుకుంటూ నీకు రాయలేదు. నలుగురికీ తెలిస్తే ఏమనుకుంటారోనని కూడా రాయలేదు, నీ దగ్గర అబద్ధమెందుకు.

ఇంకో సంగతి ఏడాదిగా దాచాను. ఆయనకు మతి నిలవడం లేదు. అద్దం సానపడుతూ సానపడుతూ చక్రం ఆపి "ఇది ఎవరి కంటికోయ్?" అని నన్నడిగేవాడు. ఆ కన్ను గల మనిషి ఎదురుగానే కూర్చుని ఉండేవాడు. ఇది తగ్గేది కాదు, పెరిగేదే అన్నాడు డాక్టరు. నీకు చెబితే మర్నాటికల్లా వచ్చి వాలతావు, జాగ్రత్తల జాబితా రాసి గోడకు అంటిస్తావు. అది ఆయన చదువుకుంటాడు. అందుకే చెప్పలేదు.

పోలీసులు ఫొటో అడిగారు. బీరువాలు, పెట్టెలు, పరుపు కింద, అన్నీ వెతికాను. పదిహేడేళ్ళ కిందటి గుర్తింపు కార్డు ఒక్కటి దొరికింది. దాంట్లో ఒత్తు జుట్టు, నల్ల మీసం. ఇప్పుడు జుట్టూ లేదు, మీసమూ లేదు. "ఏమ్మా, మీ ఇంట్లో ఫొటోలు తీసేవాళ్ళే లేరా?" అన్నాడు స్టేషన్లో రాసుకునేవాడు. ఏం చెప్పమంటావు? ఇరవై ఏళ్ళుగా మెడలో కెమెరా వేసుకు తిరిగే తమ్ముడున్నాడని చెప్పనా?

ఎత్తిపొడుపు కాదురా. నీ దగ్గర ఒక్కటైనా ఉంటుందన్న ఆశ. వెతుకు.

ఫోన్ మాత్రం చేయకు. ఆయనకు మన ఇంటి నంబరు ఇంకా గుర్తుంది. రోజూ పొద్దున్నే పాఠం ఒప్పజెప్పించినట్టు చెప్పించేదాన్ని. ఆయన చేసే వేళకు నీ గొంతు లైన్లో అడ్డం ఉందనుకో, నేను బతకలేను. ఎవరినీ చేయనివ్వడం లేదు. ఏదైనా ఉత్తరమే రాయి.

అక్క

———

నీటి సరఫరా కార్యాలయం, మీటర్ల విభాగం
మార్చి 18

అక్కకు నమస్కారాలు.

నీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం చేతికందింది. నువ్వు చెప్పినట్లే కూర్చుని చదివాను. లేవడానికి చాలాసేపు పట్టింది.

ముందుగా ఒప్పుకోవలసినది ఒకటుంది. నా దగ్గర బావ ఫొటో లేదు. ఒక్కటి కూడా లేదు.

నా రిజిస్టరులో నేటికి ఏడువేల రెండువందల నలభై ఫొటోలు నమోదై ఉన్నాయి. మీటరు చదవడానికి ఎక్కిన మెట్ల మీద, తెరిచిన గేట్ల దగ్గర, సంచిలో ఎప్పుడూ కెమెరా ఉండబట్టి దొరికినవే అవన్నీ: గోడకు ఆనించిన చీపురు, అరిగిన గడప, కుళాయి కింద సగం నిండిన బకెట్టు. వాటిలో ఎక్కడా మనిషి ఉండడు. ఇది పొరపాటున జరిగినది కాదు, నేను పెట్టుకున్న నియమం. మనిషి చట్రంలోకి వస్తే చూసేవాడి కన్ను ఆ మనిషి మీదే వాలుతుంది. పక్కనున్న వస్తువు మూగబోతుంది. అందుచేత మనుషులు వెళ్ళిపోయేదాకా ఆగుతాను. వెళ్ళకపోతే కాస్త జరగమని అడుగుతాను. దీనిమీద బావ ఎగతాళి నీకు తెలియనిది కాదు: "మా బామ్మర్దిని పెళ్ళికి పిలిస్తే ఖాళీ కుర్చీలు తీసి తెస్తాడు. పెళ్ళికొడుకు అడ్డమొచ్చాడని కోప్పడతాడు కూడాను."

నేను మీ ఇంటికి వచ్చిన పదకొండు సార్లకూ రిజిస్టరు తిరగేశాను. మీ వంటింటి కిటికీ ఉంది. సానచక్రం ఉంది. బావ కూర్చునే కుర్చీ మూడు వైపుల నుంచి ఉంది. మూడోది తీసేటప్పుడు ఆయన అందులోంచి లేచి నిలబడవలసి వచ్చింది. లేవమన్నది నేనే.

నేటి నుంచి ఆ నియమం రద్దు. రోజుకు నలభై ఇళ్ళు తిరుగుతాను. ఇకమీదట కెమెరాను మనుషుల మీదికి మళ్ళిస్తాను. నువ్వు ఈ కింది వాటికి జవాబు రాయి.

1. ఒంటిమీద ఏ బట్టలున్నాయి?
2. నా చిరునామా గల కాగితం ఏదైనా జేబులో ఉందా?
3. ఈ మధ్య ఏ ఊరి మాట ఎక్కువగా ఎత్తేవాడు?
4. బయటికి వెళ్ళేముందు ఏమన్నాడు?

వరుస తప్పకుండా రాస్తే నాకు సౌకర్యంగా ఉంటుంది. ధైర్యంగా ఉండమని రాద్దామంటే చేయి రావడం లేదు. నా దగ్గర లేనిది నీకు ఎలా పంపను?

తమ్ముడు

———

ఇల్లు
మార్చి 24

ఒరే చిట్టాలరాయుడూ,

ఇల్లు కాలిపోతున్నా ముందు బకెట్లకు నంబర్లు వేసేరకంరా నువ్వు. అయినా రాస్తున్నాను, వరుస తప్పకుండానే.

ఒకటి. బూడిదరంగు స్వెట్టరు. ఎండలు ముదిరినా చలి అంటాడు, విప్పడు. ఎడమ మోచేయి దగ్గర చిరిగితే నేనే ఉన్నితో అల్లి అతుకు వేశాను. లోపల తెల్లచొక్కా.

రెండు. లేదు. ఉండాల్సింది. చిరునామా రాసి జేబులో పెట్టనా అంటే "నేనేమన్నా పార్సిలునా?" అన్నాడు. ఊరుకున్నాను.

మూడు. మీ ఊరి మాటే. పెళ్ళికి ముందు మూడేళ్ళు అక్కడే కదా పని నేర్చుకున్నది. సాయంత్రమయ్యేసరికి లేచి నిలబడి "మా మేస్త్రీ ఎదురు చూస్తుంటాడు, బస్సు తప్పిపోతుంది" అనేవాడు. ఆ మేస్త్రీ పోయి ముప్ఫై ఏళ్ళు. "ఇవాళ సెలవిచ్చాడులెండి" అని అబద్ధమాడి కూర్చోబెట్టేదాన్ని.

నాలుగు. ఏమీ అనలేదు.

దుకాణం తెరిచే ఉంచుతున్నాను. మూసి ఉంటే ఆయన వచ్చి, తనది కాదనుకుని ముందుకు వెళ్ళిపోతాడేమోనని భయం. నిన్న ఒకావిడ తన కళ్లజోడు ఇవ్వకుండా ఎక్కడికి పోయాడని నా మీద విరుచుకుపడింది. "నాకూ అదే తెలియాలి తల్లీ" అన్నాను. పాపం, ఆవిడే కూర్చోబెట్టి నీళ్ళు తాగించింది.

నీ ఊళ్ళో వెతుకురా. నా మనసు అక్కడే కొట్టుకుంటోంది.

అక్క

———

నా గది
ఏప్రిల్ 9

అక్కకు నమస్కారాలు.

ఈ మూడు వారాల్లో నూట ముప్ఫై ఒక్క మందిని ఫొటో తీశాను. బట్టతల గలవారు, స్వెట్టరు వేసుకున్నవారు, ఒంటరిగా కూర్చున్నవారు ఎవరు కనబడినా వదల్లేదు. మనుషులను తీయడం నాకు చేతకాని విద్య అని త్వరలోనే తెలిసింది. కుళాయి కదలదు, ఎదురు ప్రశ్న వేయదు. మనిషి వేస్తాడు. ఇస్త్రీ చేసే ఆవిడ తన భర్త వీపు మీదికి నా కెమెరా తిరగడం చూసి, "ఏం సారూ, మీటరు చూడ్డానికొచ్చారా, మా ఆయన్ని చూడ్డానికొచ్చారా?" అని వీధి వినేలా అరిచింది. విషయం చెప్పాక ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, "మా ఆయన్ని తీసుకెళ్ళినా ఫర్లేదు, ఆవిడ బాధ తీరుతుందంటే" అంది. 

బట్టతల వెనకనుంచి ఎవరిదైనా ఒకటే, అక్కా. ప్రతిసారీ ముందుకు పరుగెత్తి మొహం చూడవలసి వస్తోంది. నూట ముప్ఫై ఒక్కసార్లు పరుగెత్తాను.

బావ పని నేర్చుకున్న వీధికి నాలుగుసార్లు వెళ్ళాను. అద్దాలు సానపట్టే కొట్లు ఇప్పుడు లేవు. వరసగా కార్ల గ్యారేజీలు. అక్కడివాళ్ళు ఎవరూ ఆయన్ను చూడలేదన్నారు.

మరొక పని చేపట్టాను. నువ్వు నాకు రాయకముందే బావ ఈ ఊరు వచ్చి ఉంటే, రెండో తారీకు తర్వాత నేను తీసిన వాటిలో ఎక్కడో ఒక మూల, కిటికీ అద్దంలోనో బస్సు పక్కనో, పడి ఉండవచ్చు గదా. బాగున్నవని నేను విడిగా పెట్టిన ముప్ఫై నాలుగింటినీ భూతద్దం కింద చూశాను. నీడ కూడా లేదు. నా నియమాన్ని నేను ఎంత శ్రద్ధగా పాటించానో అప్పుడు తెలిసింది. ఇక మిగిలింది పనికిరావని పెట్టెలో పడేసినవి. ఎవరో దారికి అడ్డం వచ్చి చెడిపోయినవి గనక, ఆశ ఏదైనా ఉంటే వాటిలోనే ఉంది. ఆదివారాలు స్నానాలగది కిటికీకి నల్లగుడ్డ కట్టి ఒక్కొక్కటే పెద్దది చేసి చూస్తాను.

తమ్ముడు

———

ఇల్లు
ఏప్రిల్ 17

తమ్ముడూ,

మొన్న ఫోన్ మోగింది. పరుగెత్తి తీశాను. "పిండిమరేనా అండీ?" అన్నాడెవరో. కాదు అని పెట్టేయలేకపోయాను. "బాబూ, నువ్వెక్కడి నుంచి చేస్తున్నావు? నీ పక్కన బూడిదరంగు స్వెట్టరు వేసుకున్న పెద్దాయన ఎవరన్నా ఉన్నారా?" అని అడిగాను. పిచ్చిదాన్ననుకుని పెట్టేశాడు.

పదో తారీకున పోలీసులు ఆస్పత్రికి రమ్మన్నారు. ఒక శవాన్ని చూపించడానికి. నాతో పాటు పక్కింటావిడ వచ్చింది, గుమ్మం దగ్గరే ఆగిపోయింది. గుడ్డ తీశారు. ఆయన కాదు. నాకు సంతోషం ఆగలేదురా, అక్కడే, ఆ మనిషి తల దగ్గరే, నవ్వేశాను. తర్వాత వీధిలోకి వచ్చాక, ఆయన కోసం కూడా ఎవరో ఒకామె తలుపు తీసి పెట్టుకుని కూర్చుని ఉంటుంది కదా అనిపించింది. రెండు రోజులు ముద్ద దిగలేదు.

ఆ పనికిరాని పెట్టె సంగతి త్వరగా తేల్చు.

అక్క

———

నా గది
మే 6

అక్కకు నమస్కారాలు.

పక్కన పడేసిన వాటిని చూడటం పూర్తయింది. వివరాలు ఇవి.

1. గేటు, బడి వెనక. అడ్డం వచ్చినది సైకిలు మీది పిల్ల.
2. మెట్లు, మూడంతస్తుల ఇల్లు. దిగుతున్న కాళ్ళు, ఆడవాళ్ళవి.
3. మంగలి దుకాణం అద్దం. అందులో నేనే పడ్డాను.
5. నీళ్ళ తొట్టి, ఆస్పత్రి ప్రహరీ. నర్సు చేయి.
6. తలుపు. కుక్క.

చెప్పుకోదగినది ఏమీ లేదు. వెతుకులాట కొనసాగుతోంది. ఈ మధ్య బస్సుల స్టేషనులో ఎక్కువ సమయం గడుపుతున్నాను.

ఒక చిన్న సందేహం, రికార్డు కోసం మాత్రమే. మోచేయి దగ్గర నువ్వు వేసిన అతుకు అల్లిక అడ్డంగానా, నిలువుగానా?

తమ్ముడు

———

ఇల్లు
మే 12

అడ్డంగా. స్వెట్టరు గీతలు నిలువు, అతుకు గీతలు అడ్డం. ఉన్ని చాలక అలా అల్లాను. "కిటికీకి ఊచలు పెట్టినట్టుందోయ్" అని నవ్వాడు కూడా.

నాలుగు ఏది?

నీకు బుద్ధి తెలిసిన దగ్గర్నుంచీ చూస్తున్నాను. చిన్నప్పుడు జ్వరంలో వాగినా వరుసలోనే వాగేవాడివి. మూడు తర్వాత ఐదు రాసే మనిషివి కావు నువ్వు. రాశావంటే ఆ మధ్యలో నన్ను చంపేది ఏదో ఉంది.

చంపితే చంపనీ. నాలుగు ఏది?

———

నా గది
మే 16

అక్కా,

రిజిస్టరులో ఉన్నది ఉన్నట్టుగా ఎత్తి రాస్తున్నాను.

"నంబరు 7,212. మార్చి 6, ఉదయం 8.40. బల్ల, బస్సుల స్టేషను, ఆరో ప్లాట్‌ఫారం. ఎడమ అంచున ఎవరిదో మోచేయి. పనికిరాదు."

ఆ మోచేయి మీద నిలువు గీతలున్నాయి, వాటి మధ్య అరచేతంత మేర అడ్డగీతలున్నాయి.

ఆ నాటికి నువ్వు ఇంకా నాకు రాయలేదు. బావ ఇంట్లోనే ఉన్నాడని నా నమ్మకం. ఇది తప్పు నీ మీదికి నెట్టడానికి రాయడం లేదు, తేదీల క్రమం కోసం రాస్తున్నాను. స్టేషను మెట్ల కింద మా మీటరు ఒకటుంది. అది చదివి వస్తుంటే ఆ బల్ల కనబడింది. ఎన్నేళ్ళుగానో జనం కూర్చుని కూర్చుని చెక్క మధ్యలో గుంటపడింది. ఊచల్లోంచి వచ్చిన ఎండ సరిగ్గా ఆ గుంటలో నిలిచింది. సంచిలోంచి కెమెరా తీశాను. బల్ల మీద ఒక పెద్దాయన తల వంచుకుని కూర్చున్నాడు. అప్పటికే కన్ను కెమెరాకు ఆనించాను. తీయకుండానే అన్నాను: "కాస్త జరుగుతారా? అడ్డం వస్తున్నారు."

"అలాగే బాబూ" అన్నాడు. జరిగాడు.

"ఇంకొంచెం" అన్నాను.

ఇంకొంచెం జరిగాడు. ఎండ పోతుందన్న తొందరలో మీట నొక్కాను. ఫిలిం తిప్పి, టైము రాసుకుని, తర్వాతి మీటరుకు వెళ్ళిపోయాను. మొహం చూడలేదు. ఇరవై ఆరేళ్ళుగా ఎరిగిన గొంతు, అక్కా. "ఏం బామ్మర్దీ" అని పిలిస్తే వీధి చివరి నుంచి పోల్చుకునే గొంతు. చెవిన పడింది, నేను వినలేదు. నా దృష్టి బల్ల మీద ఉంది.

ఆయన నన్ను వెతుక్కుంటూ వచ్చాడో, తన మేస్త్రీ కోసం వచ్చాడో తెలియదు. నన్ను పోల్చాడో లేదో తెలియదు. పోల్చి, "వీడి పనికి నేను ఎప్పుడూ అడ్డమే" అనుకుని జరిగాడో ఏమో అన్న ఆలోచన మాత్రం రోజూ వస్తోంది.

ఇది నాకు ఏప్రిల్ 28న దొరికింది. అప్పటి నుంచి దాచాను. ప్రతి ఉదయం 8.40కి ఆ బల్ల దగ్గర నిలబడుతున్నాను. ఇరవై ఏళ్ళలో బావను నేను తీసిన ఫొటో ఇది ఒక్కటే. అది కూడా మోచేయి. దానికి నేను వేసిన మార్కు ఏమిటో పైన రాశాను.

కాపీ జతచేస్తున్నాను. నీకు ఏమనాలనిపిస్తే అది అను. ఏమీ అనకపోతే మాత్రం భరించలేను.

తమ్ముడు

———

నా గది
జూన్ 11

అక్కా,

నీ జవాబు రాకుండా రాస్తున్న ఐదో ఉత్తరం ఇది. తిట్టు. ఉత్త కార్డు మీద ఒక్క తిట్టు రాసి పంపినా చాలు, అక్కడ నువ్వు తిండి తింటున్నావని తెలుస్తుంది.

కెమెరాను గుడ్డలో చుట్టి ట్రంకుపెట్టెలో పెట్టేశాను. సంచి తేలికగా ఉంది. దారిన ఏ గోడ వైపూ చూడటం లేదు. ఈ నెల మీటర్లు పదహారు తప్పు చదివానని పై అధికారి పిలిచి అడిగారు. పద్దెనిమిదేళ్ళ ఉద్యోగంలో మొదటిసారి. కారణం రాసివ్వమన్నారు. తెల్లకాగితం ఇచ్చి వచ్చాను.

బల్ల దగ్గరికి వెళ్ళడం మానలేదు.

తమ్ముడు

———

ఇల్లు
జూలై 1

తమ్ముడూ,

నెలన్నర నీకు రాయలేదు. కోపం. నువ్వు చేతికి దొరికి ఉంటే ఆ కెమెరాతోనే నీ నెత్తి మీద మొట్టేదాన్ని. "నాకు తమ్ముడు లేడు" అని ఒక ఉత్తరం రాశాను. స్టాంపు కూడా అంటించాను. తర్వాత చింపేశాను. జాలిపడి కాదు. నువ్వడిగిన నాలుగో ప్రశ్నకు నేను అబద్ధం రాశాను కనక.

ఆ రోజు పొద్దున ఆయన వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికి రాడు, బయటికి పోడు. రోజూ అంతే, ఎక్కడ నిలబడితే అక్కడే, ఎందుకొచ్చాడో గుర్తురాక. నా చేతిలో కాగుతున్న గిన్నె. ఏడాదిగా నిద్రలేదు నాకు. "అడ్డం తప్పుకోండి! ఎప్పుడు చూసినా దారికడ్డం! ఎటైనా పోయి కూర్చోరాదూ?" అని అరిచాను.

"అలాగే" అన్నాడు. చెప్పులు వేసుకున్నాడు.

నేను గిన్నె దింపి, పొయ్యి తుడిచి, తీరిగ్గా వీధిలోకి చూశాను. అప్పటికే లేడు.

నీ ఉత్తరంలో ఆ 'అడ్డం' అన్న మాట చదవగానే వెళ్ళి ఆ వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. ఇద్దరం ఒకే మనిషిని జరగమన్నాంరా. నువ్వు తెలియక, నేను తెలిసి. ఇక నేను నిన్నేం తిట్టను?

ఏడుపు అయిపోయింది. పని చూడు. ఆయన కూర్చున్నది బస్సుల చోటు. అక్కడ కూర్చున్నవాడు ఏదో ఒక బస్సు ఎక్కే ఉంటాడు, ఎవరో ఒకరు "ఎక్కండి" అంటే "అలాగే" అని ఎక్కి ఉంటాడు. ఆ ప్లాట్‌ఫారం నుంచి ఏ బస్సులు పోతాయో రాయి. నీ జాబితాలు చూసి ఇన్నాళ్ళూ నవ్వాను, ఇక నవ్వను. కెమెరా పెట్టెలోంచి తియ్యి, సిగ్గులేకుండా మళ్ళీ మెడలో వేసుకో. ఆ మోచేయి ఫొటో పాతిక కాపీలు తీసి పట్టుకెళ్ళు. పోలీసుల దగ్గరున్న మొహం ఆయనది కాదు. మొహం లేనప్పుడు మోచేయే చూపించు.

అతుకు కింది మూల ఊడి వేలాడుతోంది, చూశావా? దానికి రెండు కుట్లు పడాలి.

అక్క

———

ఆఖరి స్టాపు, తొమ్మిదో బస్సు దారి
సెప్టెంబర్ 1

అక్కా,

ఈ ఉత్తరాన్ని టపాలో వేయను. రేపు ఉదయం నువ్వు రైలు దిగగానే చేతిలో పెడతాను. అక్కడే ప్లాట్‌ఫారం మీద కూర్చుని చదువు; చదివాకే బావ దగ్గరికి వెళదాం. ఇవాళ ఫోన్‌లో "దొరికాడు, ఆరోగ్యంగా ఉన్నాడు" అన్నాను. రెండూ నిజమే. మూడోది చెప్పడానికి నోరు రాలేదు.

ఆరు నెలల్లో మొదటిసారి నీ నంబరు తిప్పాను. గంట పూర్తిగా మోగకముందే ఎత్తి "ఎక్కడున్నారండీ?" అన్నావు. నేను బావను కానని చెప్పవలసి వచ్చిన ఆ ఒక్క క్షణం కోసమైనా నన్ను క్షమించు.

ఆరో ప్లాట్‌ఫారం నుంచి పదకొండు దారులున్నాయి. ఆదివారానికి ఒకటి చొప్పున చివరిదాకా వెళ్ళి, ప్రతి స్టాపులో దిగి, మోచేయి ఫొటో చూపిస్తూ వచ్చాను. ఎనిమిది వారాలు జనం నన్ను ఎలా చూశారో రాయనవసరం లేదు. ఒకాయన "మోకాలి ఫొటో కూడా ఉందా?" అన్నాడు.

ఇవాళ తొమ్మిదోది. ఆఖరి స్టాపులో ఒక మందుల కొట్టు, దాని పక్కన చిన్న కళ్లజోళ్ల దుకాణం. ఫొటో చూడగానే దుకాణం ఆవిడ కౌంటరు వెనకనుంచి లేచింది. "ఈ అతుకు నేను వారం వారం ఉతుకుతున్నాను బాబూ! ఊడిన మూల కూడా నేనే కుట్టాను, వంకరగా వచ్చింది" అంది.

మార్చిలో ఒకనాడు బస్సు దిగి, సరాసరి ఆవిడ దుకాణంలోకి వచ్చి, బల్ల ముందు కూర్చుని, వదులైన కళ్లజోళ్లకు స్క్రూలు బిగించడం మొదలుపెట్టాడట. పేరడిగితే నవ్వాడట. వెనకగదిలో పడక వేసింది, తనతో పాటే తిండి పెట్టింది. "పోలీసులకు చెప్పలేదా అమ్మా?" అన్నాను. "చెప్పకేం? వచ్చారు. ఆ గోడ మీది కాగితం చూశారు, ఈయన్ని చూశారు. ఆ మనిషి వేరు, ఈ మనిషి వేరు అనేసి పోయారు" అంది.

స్టాపు గోడ మీద పదిహేడేళ్ళ కిందటి జుట్టుతో, మీసంతో బావ ప్రకటన అంటించి ఉంది. సాయంత్రాలు ఆయన దాని కిందే కూర్చుంటాడట.

లోపలికి వెళ్ళాను. తల ఎత్తి నన్ను చూశాడు. అడగకుండానే నా కళ్లజోడు తీసుకుని, కాడలు నొక్కి చూసి, స్వెట్టరు అంచుతో తుడిచి వెలుగుకు పట్టాడు. "ఇది ఎవరు చేశారు బాబూ? అద్దం బాగా కూర్చోబెట్టాడు."

"మా బావ" అన్నాను.

"మీ బావ పనిమంతుడు" అని నా చెవులకు తగిలించాడు.

ఇదీ నేను చెప్పలేకపోయిన మూడోది. నన్ను పోల్చలేదు. నీ మాట ఎత్తాను. మర్యాదగా విన్నాడు, ఎవరో పరాయి ఇంటి సంగతి విన్నట్టు. రేపు నిన్ను చూసి కూడా అలాగే కూర్చుంటాడేమో. ఆ దెబ్బ గుమ్మంలో తగలకూడదని ఇక్కడే చెబుతున్నాను.

నీకు చూపించడానికి ఒక ఫొటో తీద్దామని కెమెరా ఎత్తాను. వెంటనే కుర్చీలోంచి లేచి గోడవైపు నడిచాడు. "ఉండండి బాబూ, నేను తప్పుకుంటాను. మీ పని కానివ్వండి" అన్నాడు. పోల్చలేదు గాని, ఇది మాత్రం ఆయన ఒంటికి పట్టింది. కెమెరా కింద పెట్టేశాను. ఫొటో లేదు, అక్కా. నువ్వే చూడు.

దుకాణం ఆవిడ రేపు నేను స్టేషనుకు వెళ్ళి వచ్చేదాకా ఆయన దగ్గర కూర్చుంటానంది. నువ్వు లోపలికి రాగానే "నేనెవరో చెప్పండి" అని అడగకు. ఏడవకు, ఏడిస్తే తన వల్లేనని లేచి పక్కకు జరుగుతాడు. ముందు నీ కళ్లజోడు తీసి చేతికివ్వు. ఆ తర్వాత ఏం చేయాలో నాకు తెలియదు. జాబితా ఇంతటితో అయిపోయింది.

సాయంత్రం గోడ కింద బల్ల మీద ఆయన పక్కన కూర్చున్నాను. ఇద్దరికీ సరిపోయేలా జరగబోయాడు. వద్దని చేయి పట్టుకున్నాను. విడిపించుకోలేదు; కాసేపటికి తనే గట్టిగా పట్టుకుని, వచ్చే బస్సులు చూస్తున్నాడు. అక్షరాలు ఇంత వంకరగా ఉన్నాయేమిటని కంగారుపడకు. ఎడమచేత్తో రాస్తున్నాను. కుడిచేయి బావ దగ్గర ఉంది.

తమ్ముడు